పనీ పాటా ప్రింటరూ

పనీ పాటా లేనివాడని మనవాళ్ళు ఒక తిట్టు తిడుతూ ఉంటారు. తిట్టు సంగతి అలా ఉంచి, ఆ జంట మాటను ఒక్కసారి చెవి ఒగ్గి వినండి. పని పక్కన పాట ఎందుకొచ్చి కూర్చున్నట్టు? ఆ పాట పాడే పాట కాదోయ్, పాటుపడటంలోని పాటు అని సరిదిద్దే పండితులుంటే ఉండవచ్చు గాక. నా చెవికి మాత్రం రోకలి పోటూ, దంపుళ్ళ పాటా కలిసి వినిపిస్తాయి. తిరగలి తిరుగుతుంటే పాట, ఏతం వేస్తుంటే పాట, నాట్లు వేస్తుంటే పాట. చేతికి తాళం పని ఇచ్చింది, గొంతుకు ఊపిరి తాళం ఇచ్చింది. ఇందులో కవులు కల్పించిందేమీ లేదు.

మరి ఆఫీసు పనికి పాటేదీ? దస్త్రాలు తిరగేసేవాడికీ, పద్దులు కూడేవాడికీ దంపుళ్ళ పాటలాంటిదొకటి ఎవరైనా కట్టారా? నాకు తెలిసి గుమాస్తాలెవరూ కట్టలేదు. కట్టినవాళ్ళు కంప్యూటర్ల దగ్గర పనిచేసిన మనుషులు; పాడింది మాత్రం వాళ్ళు కాదు, ప్రింటర్లు. జీతాల పట్టీలూ, బీమా రసీదులూ అచ్చుకొట్టే ఆ మొరటు యంత్రాల చేత కొందరు మహానుభావులు సరిగమలు పలికించారు. ఈ వారం ఆ కథే చెప్పుకుందాం.

ఇవాళ ఇళ్ళల్లో ఉండే ప్రింటర్లను చూసి ఇది వినేవాళ్ళకు నమ్మబుద్ధి కాదు. ఇవి సిరా చల్లుతాయి, లేదా పొడిని వేడికి అతికిస్తాయి. కాగితాన్ని కొట్టవు. కొట్టందే మోత లేదు, మోత లేందే పాట లేదు. పాతకాలపు ప్రింటరు కాగితాన్ని కొట్టేది. మృదంగమైనా, సుత్తి అయినా, ఆ ప్రింటరైనా ఒకే జాతి అన్నమాట.

వాటిలో పెద్దన్న ఐ.బి.ఎం. వాళ్ళ 1403. ఆ కంపెనీ 1959లో 1401 అనే కంప్యూటరును బయటపెట్టింది. మొత్తం మీద పదివేలకు పైగా తయారై దేశదేశాలకూ వెళ్ళిన యంత్రం అది. దాని జోడీగా వచ్చిన అచ్చు యంత్రమే ఈ 1403. దాని పొట్టలో ఒక గొలుసు అడ్డంగా గిర్రున తిరుగుతూ ఉంటుంది. గొలుసు మీద అక్షరాల దిమ్మలు: 48 గుర్తుల వరస అయిదుసార్లు, వెరసి 240. పంక్తికి 132 చోట్లుంటే, చోటుకొక సుత్తి చొప్పున 132 సుత్తులు కాగితం వెనక కాచుకుని ఉంటాయి. కావలసిన అక్షరం తన ఎదటికి వచ్చిన క్షణంలో సుత్తి కాగితాన్ని వెనకనుంచి ఫట్టున కొడుతుంది. కాగితం రిబ్బనుకూ, రిబ్బను అక్షరానికీ తగిలి అచ్చు పడుతుంది. ఈ తతంగమంతా నిముషానికి 600 పంక్తులు. అంటే పంక్తికి సెకనులో పదో వంతు. ఆ చప్పుడు భరించలేక దానికి బరువైన మూతలు బిగించేవారు. తరవాత వచ్చిన వేగవంతమైన రకంలో కాగితం అయిపోతే ఆ మూత దానంతటదే పైకి లేచేది. మూత మీద కాఫీ కప్పు పెట్టినవాడి గతి ఏమిటో నేను వర్ణించనక్కర్లేదు.

ఇక్కడే ఉంది కిటుకు. ఏ అక్షరం ఏ చోట పడాలో చెప్పామంటే, ఏ సుత్తి ఏ క్షణాన కొట్టాలో చెప్పినట్టే. సుత్తి దెబ్బలు సమానమైన ఎడంతో, వేగంగా పడితే మన చెవి వాటిని దెబ్బలుగా వినదు, ఒక స్వరంగా వింటుంది. ఎడం తగ్గిస్తే స్వరం హెచ్చుతుంది, ఎడం పెంచితే తగ్గుతుంది. అదే పంక్తిని పదేపదే కొట్టిస్తే ఆ స్వరం సాగుతుంది. ప్రోగ్రాము రాసేవాళ్ళు ఈ మర్మం కనిపెట్టి, ఏ అక్షరాల పంక్తికి ఏ స్వరం వస్తుందో చెవితో విని పట్టుకుని, పాటకు సరిపడా కార్డులు గుచ్చి దొంతులుగా పేర్చుకునేవారు. కార్డుల కట్ట మింగిస్తే ప్రింటరు పాట అందుకునేది. పాట అయ్యాక ఆ కాగితం చదివితే పిచ్చివాడి రాతలా ఉండేది. చదవటానికి అక్కరకు రాని రాత, వినటానికి పనికొచ్చింది! లోకంలో దీనికి తలకిందులుగా ఉండే రాతలే ఎక్కువని నా అనుభవం.

జీతం తీసుకుని ఇదేం కోతి పని అని విసుక్కోకండి. ఆ రోజుల్లో కంప్యూటరు మనుషులకు చెవి కూడా ఒక పనిముట్టు. 1951లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఫెరాంటీ మార్క్-1 అనే కంప్యూటరు ఉండేది. యంత్రం లోపల ఏం జరుగుతోందో నడిపేవాడికి తెలియాలని దానికో కూత పెట్టే స్పీకరు తగిలించారు. క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఆయన ఆ కూతనే లొంగదీసి ఇంగ్లండు జాతీయ గీతం పలికించాడు. బి.బి.సి. వారు అదే ఏడు ఆ యంత్రం పాటల్ని రికార్డు కూడా చేశారు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో సిరాక్ అనే కంప్యూటరూ పాడింది. ఈ రెండు చోట్లా స్పీకరు పెట్టింది పాటకోసం కాదు, పని ఎలా సాగుతోందో వినటానికి. ముందు పని, దాని వెనక పాట. దంపుళ్ళ పాటల వరసే ఇదీనూ.

1401కు ఆ స్పీకరు కూడా లేదు. అయినా దాని దగ్గర రేడియో పెడితే లోపలి విద్యుత్తు కదలికలకు రేడియో గుర్రుమనేది, ఈలలు వేసేది. ఈ సంగతి చాలా దేశాల ఇంజనీర్లకు తెలుసు. వారిలో ఐస్‌లాండు ఇంజనీరు ఒకాయన ఉన్నాడు, యోహాన్ గునార్సన్. ఆ చిన్న దేశానికి 1401 వచ్చింది 1964లో. దాని ఆలనాపాలనా చూసే పెద్ద ఇంజనీరు ఆయనే. యంత్రం దగ్గర రేడియో పెట్టి, ప్రోగ్రాములతో ఆ గుర్రును స్వరాలుగా మలిచాడు. 1971లో ఆ కంప్యూటరును పనిలోంచి తీసేసిన రోజున దానికి వీడ్కోలు సభ చేసి, ఆ పాటలు వినిపించి, టేపులో దాచుకున్నారు. మనం పెన్షను పుచ్చుకునే గుమాస్తాకు దండ వేసి, శాలువా కప్పి పంపుతామే, అచ్చం అలాగే.

టేపు ఇంట్లో పడి ఉంది. ఇంజనీరు గారి కొడుకు పెద్దవాడై పేరున్న సంగీతకారుడయ్యాడు. ఆయనే యోహాన్ యోహాన్సన్. తండ్రి టేపులోని యంత్రం గొంతుకు తంత్రీవాద్యాలు జోడించి 2006లో ఒక ఆల్బం తెచ్చాడు. దాని పేరు 'ఐ.బి.ఎం. 1401, ఎ యూజర్స్ మాన్యువల్'. అందులో రెండో భాగం పేరు మన అచ్చు యంత్రానిదే: 'ఐ.బి.ఎం. 1403 ప్రింటర్'. ఆ యంత్రాన్ని ఎలా సవరించుకోవాలో మరమ్మతు మనుషులకు చెప్పే గొంతు ఒకటి చదువుకుంటూ పోతూ ఉంటే, దాని వెనక వయొలిన్లు మెల్లగా లేస్తాయి. నేను అది విన్నప్పుడు సంగీతం సంగతి తరవాత, తండ్రి ఆఫీసులో ఏం పని చేశాడో కొడుక్కి ఇంత బాగా అర్థమైన ఇల్లు ఎన్ని ఉంటాయా అనుకున్నాను. మన నాన్నలు ముప్ఫయ్యేళ్ళు ఆఫీసుకు వెళ్ళి వచ్చారు. ఆ గదుల్లో వాళ్ళ చెవిన పడిన చప్పుళ్ళేమిటో మనం ఎప్పుడైనా అడిగామా?

ఐస్‌లాండులో దండ వేయించుకున్న యంత్రం మన దేశానికీ వచ్చింది. రైల్వేలు తెచ్చుకున్నాయి, జీవిత బీమా వారు తెచ్చుకున్నారు. ఇక్కడ మాత్రం దానికి జరిగిన మర్యాద వేరు. 1960ల రెండో సగంలో కలకత్తాలోని బీమా ఉద్యోగులు ఇలాకో హౌస్ అనే భవనంలోకి కంప్యూటరును రానివ్వమని రాత్రింబవళ్ళు కాపలా కాశారు. వాళ్ళు మూర్ఖులనుకుంటే పొరపాటు. నిముషానికి 600 పంక్తులు కొట్టే చప్పుడు ఒక ఇంజనీరు చెవికి తాళంగా వినపడితే, చేత్తో రసీదులు రాసుకుని బతికే గుమాస్తా చెవికి కడుపు మీద దెబ్బగా వినపడింది. రెండు చెవులూ నిజమే విన్నాయి. యంత్రం పాటను మెచ్చుకునేటప్పుడు ఈ రెండో చెవిని మరిచిపోకూడదని నా మనవి. వడ్లమిల్లు వచ్చాక దంపుళ్ళ పాట ఏమైందో మనకు తెలుసు గదా.

ఐ.బి.ఎం. 1978లో మన దేశం వదిలి వెళ్ళిపోయింది. యంత్రాలు మాత్రం ఆగలేదు. 1983లో బ్యాంకు ఉద్యోగుల సంఘాలకూ, యాజమాన్యాలకూ యాంత్రీకరణ మీద ఒప్పందం కుదిరింది. అప్పటికి పెద్ద గొలుసు యంత్రాల కాలం పోయి, బల్ల మీద పట్టే చిన్న ప్రింటరు వచ్చింది: డాట్ మాట్రిక్స్. జపాను ఎప్సన్ కంపెనీ పేరే ఒక ప్రింటరు కొడుకు పేరు. ఆ సంస్థవారు 1968లో ఈ.పి.-101 అనే చిన్న అచ్చు యంత్రం చేశారు. తరవాత పుట్టేవన్నీ ఈ.పి. సంతానం, అంటే 'ఈ.పి. సన్' అని 1975లో ఎప్సన్ అని పేరు పెట్టుకున్నారు. వారి ఎం.ఎక్స్.-80 అనే డాట్ మాట్రిక్స్ 1980లో వచ్చి ప్రపంచమంతా పాకింది.

ఇందులో గొలుసూ లేదు, అక్షరాల దిమ్మలూ లేవు. పక్కలకు పరిగెత్తే తలలో నిలువుగా తొమ్మిది సన్నని సూదులుంటాయి. ఒక్కో సూది వెనక ఒక విద్యుదయస్కాంతం. అది గుంజితే సూది ముందుకు దూకి రిబ్బను మీద పొడిచి వెనక్కి వస్తుంది. కాగితం మీద ఒక చుక్క. మన ఆడవాళ్ళు వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపినట్టు, ఇది చుక్కల్లోంచి అక్షరం తీస్తుంది.

సంగీతం తెలిసినవారికి ఇక్కడో చిన్న లెక్క చెప్తాను. తల సెకనుకు 8 అంగుళాలు పరిగెత్తి, అంగుళానికి 60 చుక్కలు పెట్టగల ప్రింటరు ఉందనుకోండి. ఒకే సూది ఆగకుండా పొడుస్తూ పోతే సెకనుకు 480 దెబ్బలు. అదొక స్వరం. రెండు చుక్కలకు ఒకటి పెడితే 240, సరిగ్గా కింది స్థాయిలో అదే స్వరం. మూడింటికొకటి పెడితే 160, నాలుగింటికొకటి పెడితే 120. ఇప్పుడు 120ని షడ్జం అనుకోండి. 160 శుద్ధ మధ్యమం, 240 తారషడ్జం. పోనీ 160ని షడ్జం చేసుకుంటే 240 పంచమం అవుతుంది. చుక్కల ఎడాన్ని సగం చేస్తే పై షడ్జం, మూడింట రెండు వంతులు చేస్తే పంచమం, నాలుగింట మూడు వంతులు చేస్తే మధ్యమం. వీణ వాయించేవారికి ఇది కొత్తేమీ కాదు. తీగ పొడుగును వాళ్ళు ఇదే లెక్కలో తగ్గిస్తారు. అక్కడ తీగ, ఇక్కడ ఖాళీ. అంతే తేడా. మధ్యలో తలను నడిపే మోటారు, కాగితాన్ని జరిపే మోటారు తమ తమ గొంతులు కలుపుతాయి. పంక్తి చివర తల వెనక్కి మళ్ళటం తాళంలో విసర్జితంలాంటిది.

ఈ స్వరాలు మీరూ విన్నారు, గుర్తుపట్టి ఉండరు. పద్దు చివర గీత కొట్టేటప్పుడు ఒకే సూది అదే ఎడంతో పొడుచుకుంటూ పోతుంది కాబట్టి, గరగర మధ్య హఠాత్తుగా ఒక సాఫైన ఝుంకారం వస్తుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో హెడ్ క్లర్కు గారు నెలాఖరున జీతాల పట్టీలు అచ్చవుతుంటే కళ్ళు మూసుకుని కూర్చునేవారు. నిద్రపోతున్నారనుకునేవాళ్ళం. ఆ ఝుంకారం రెండుసార్లు వచ్చేసరికి కళ్ళు తెరవకుండానే, "ఏమోయ్, టోటలు పడింది, వెళ్ళి చింపుకురా" అనేవారు. వెళ్ళి చూస్తే నిజంగానే టోటలు పడి ఉండేది. ఒకసారి మధ్యలోనే, "ఆపవోయ్, రిబ్బను ఎండిపోయింది" అన్నారు. దెబ్బ పొడిగా వినపడిందట! ఆయనకు సంగీతం రాదు. చెవి మాత్రం ఉంది.

మన తెలుగుకు కూడా ఈ సూదులతో చుట్టరికం ఉంది. ప్రింటరు తన పొట్టలో పుట్టుకతో దాచుకున్నవి ఇంగ్లీషు అక్షరాలే. తెలుగు కావాలంటే ప్రతి వంపూ, ప్రతి ఒత్తూ, తలకట్టూ చుక్క చుక్కగా చెప్పి పొడిపించవలసిందే. 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లో మొదలై పుణే సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ అనే పరిజ్ఞానం దేశభాషలకు చేసిన సేవల్లో ఇదీ ఒకటి. ఒక్కో పంక్తికి తల రెండుమూడు సార్లు అటూ ఇటూ తిరిగేది. అందుకే తెలుగు కాగితం నిదానంగా, ఒత్తుల బరువు మోస్తున్నట్టు వచ్చేది. తరవాత సంగీతకారుల్లో కొందరు వాడుకున్నది ఈ దారినే. సూదుల్ని అక్షరాల పేరుతో కాక, చుక్క చుక్కగా ఆజ్ఞాపించటం. తెలుగు రాయించటానికీ, పాట పాడించటానికీ యంత్రానికి ఒకే భాష కావలసి వచ్చింది!

ఆ సంగీతకారుల సంగతి చెప్పి ముగిస్తాను. 1990ల చివరికి డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు పాశ్చాత్య దేశాల్లో చెత్తకుప్పల పాలయ్యాయి. కెనడాలోని మాంట్రియల్‌లో థామస్ మెకింటోష్, ఎమాన్యుయెల్ మదాన్ అనే ఇద్దరు 'ది యూజర్' అనే పేరుతో జట్టుకట్టి, పధ్నాలుగు ప్రింటర్లను పోగుచేసి, వాటిచేత సింఫనీ కచ్చేరీ చేయించారు. ప్రింటర్లను కంప్యూటర్లతో కలిపి, ఒక్కోదానికి అక్షరాలూ, విరామ చిహ్నాలూ నిండిన పాఠం పంపారు. ఆ పాఠమే స్వరపత్రం. లోపల మైకులు పెట్టి, సూదుల రొదను సభ అంతటికీ వినిపించారు. అమెరికాలో డాలస్‌కు చెందిన పాల్ స్లోకమ్ మరో అడుగు వేశాడు. ఎప్సన్ ఎల్.క్యు.-500 ప్రింటరు లోపలి ప్రోగ్రామునే తీసేసి, తాను రాసింది పెట్టి, దాన్ని నేరుగా వాద్యంగా మార్చాడు. 'ట్రీ వేవ్' అనే తన బృందంలో పాత ఆట యంత్రాల పక్కన దానికీ ఒక పీట వేశాడు. 2008లో గ్లాస్గో కళాశాల విద్యార్థి జేమ్స్ హ్యూస్టన్ రేడియోహెడ్ బృందం పాట ఒకటి పాత కంప్యూటరు సామానుతో వాయించాడు. అందులో డోలు వాయించింది ఎప్సన్ ఎల్.ఎక్స్.-81.

ఈ ముగ్గురి వరసలోనూ నాకు నచ్చినదేమిటంటే, ఎవరూ ప్రింటరును వయొలిన్‌లా నటించమనలేదు. దాని పొడుపులు దానివే, దాని గరగర దానిదే. పైగా కచ్చేరీ అయిపోయాక దాని జ్ఞాపకం కాగితం మీద మిగులుతుంది: ఏ స్వరానికి ఎంత ఎడమో, అంత ఎడంతో చుక్కల బారు. వీణ తీగ కదిలిన జాడ గాలిలో కలిసిపోతుంది. ప్రింటరు మాత్రం తన పాట తానే రాసి చేతికిస్తుంది.

మన దగ్గర ఈ యంత్రం ఇంకా పూర్తిగా పోలేదు. మందుల కొట్లోనూ, లారీ ఆఫీసులోనూ దుమ్ము కప్పుకుని గరగరలాడుతూ కనిపిస్తుంది. కారణం కళాభిమానం కాదు, కార్బన్ కాపీ. పై కాగితం మీద పొడిస్తే కింది మూడు కాగితాల మీదా పడాలంటే దెబ్బ కావాలి. సిరా చల్లే ప్రింటరు ఎంత ఖరీదైనదైనా ఆ పని చెయ్యలేదు. దెబ్బ ఉన్నంతకాలం మోత ఉంటుంది.

కొత్త ప్రింటర్లు నిశ్శబ్దంగా పని చేస్తాయని మనం మెచ్చుకుంటున్నాం. మెచ్చుకోవలసిందే. ఆ రొద మధ్య ఏళ్ళ తరబడి పనిచేసినవారి చెవుల బాధ నాకు తెలుసు. కాని చప్పుడు పోవటంతో, పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ బెడిసిందో చెప్పే గొంతు కూడా పోయింది. ఇప్పుడు యంత్రం ఆగిపోతే ఎర్రదీపం వెలుగుతుంది, మనం దాని ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. ఎవరికీ ఏమీ వినపడదు.

ఈసారి మందుల కొట్టుకు వెళ్ళినప్పుడు బిల్లు కోసం తొందరపెట్టకండి. ఒక్క నిమిషం వినండి. వస్తువుల పేర్లు గరగరమని పోతాయి, అంకెలు టకటకమని పడతాయి, చివర గీత కొట్టేటప్పుడు ఆ సాఫైన ఝుంకారం వస్తుంది. అదొక స్వరం. దాని వెంటనే మీరు ఇవ్వవలసిన మొత్తం పడుతుందనుకోండి, అది వేరే సంగతి.